నడుస్తూ ఏఆర్ కళ్ళద్దాలు పెట్టుకుంటే ఎదురుగా వచ్చే బండి కనబడట్లేదు. ఏం చేద్దాం?

దారిచూపు · హైదరాబాద్

అందరికీ నమస్కారం. మేం నలుగురం కలిసి ఏఆర్ కళ్ళద్దాల్లో (ఎదురుగా ఉన్నది కనిపిస్తూనే దాని మీద గుర్తులు, అంకెలు చూపించే అద్దాలు) నడకదారి చూపించే యాప్ ఒకటి చేస్తున్నాం. కుడి అద్దంలో చిన్న బాణం గుర్తు, దాని కింద ఇంకెన్ని మీటర్లకి మలుపో చెప్పే అంకె. అంతే. ఫోన్ తీసి చూసే పని లేకుండా తల ఎత్తుకుని నడవొచ్చన్నది మా ఉద్దేశం.

పోయిన గురువారం సాయంత్రం మియాపూర్ మెట్రో మెట్లు దిగి రోడ్డు దాటబోయాను. అద్దంలో 40 అని ఉంది. అడుగు వేశాను, 39 అయింది. ఇంకో అడుగు, 38. అంతలో వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకుని గుంజారు. నా మోకాలికి జానెడు దూరంలో ఆటో దూసుకుపోయింది. గుంజింది అక్కడ మక్క కంకులు కాల్చి అమ్మే పెద్దమ్మ. చేతిలో విసనకర్ర పారేసి మరీ వచ్చింది. "ఇంత పెద్ద అద్దాలు పెట్టుకొని గూడ కనిపిస్తలేదా బిడ్డా?" అంది.

ఇంటికొచ్చి కళ్ళద్దాల కెమెరా రికార్డింగ్ చూశాను. అప్పట్నుంచి మనసు కుదురుగా లేదు. ఆ ఆటో రాంగ్ రూట్‌లో రాలేదు. రావాల్సిన కుడి వైపు నుంచే వచ్చింది. నా తల కూడా కుడికే తిరిగి ఉంది. ఆటో ఫ్రేములో మూడు సెకన్లు స్పష్టంగా ఉంది. అద్దం నల్లబడలేదు, బాణం దానికి అడ్డం రాలేదు. నా కళ్ళ ముందే ఉన్నదాన్ని నేను చూడలేదు.

ఇలాంటి యాప్ మా అమ్మ చేతికిచ్చి బజారుకి పంపగలనా అనుకుంటే ధైర్యం చాలట్లేదు. ఈ రంగంలో ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు, మీకు తోచింది చెప్పండి.

బెజవాడ_బండి · విజయవాడ

ముందు దెబ్బ తగలనందుకు సంతోషం బ్రదర్. కానీ ఫోన్‌లోకి తల వంచుకుని నడిచేవాళ్ళకన్నా ఇది నయమే కదా? బందర్ రోడ్డు మీద రోజూ చూస్తుంటాను, రీల్స్ చూస్తూనే డివైడర్ దాటేస్తారు. మీది కనీసం తల ఎత్తి ఉంటుంది.

కంటిచూపు · గుంటూరు

దారిచూపు గారూ, నేను ఆప్టోమెట్రిస్టుని. పద్ధెనిమిదేళ్ళుగా కళ్ళే చూస్తున్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకండి.

మీకు జరిగినదానికి మా పుస్తకాల్లో 'ఇనటెన్షనల్ బ్లైండ్‌నెస్' అని పేరుంది. మనసు ఒకదానిమీద ఉంటే కంటికి తగిలింది కూడా మెదడు లెక్కలోకి తీసుకోదు. 1999లో హార్వర్డ్‌లో సైమన్స్, షాబ్రీ అనే ఇద్దరు చేసిన ప్రయోగం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి వచ్చి, గుండెలు బాదుకుని వెళ్ళింది. చూసినవాళ్ళలో సుమారు సగంమందికి ఆ గొరిల్లా కనబడలేదు. 2013లో ఇంకొకటి చేశారు. ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లో గొరిల్లా బొమ్మ పెట్టి 24 మంది రేడియాలజిస్టులకి ఇచ్చి గడ్డలు వెతకమంటే 20 మంది దాన్ని పట్టుకోలేదు. వాళ్ళ కళ్ళు సరిగ్గా ఆ బొమ్మ మీదనే ఆగిన సందర్భాలూ ఉన్నాయి. చూడటమే వృత్తి అయినవాళ్ళ సంగతి ఇది.

మీ అంకె ఒక్కో మీటరుకీ మారుతోంది. అదే మీ బంతి లెక్క. అందులో ఆటో గొరిల్లా అయిపోయింది.

ఇంకో సంగతి. మనం స్పష్టంగా చదవగలిగేది చూపు నడిమధ్యన సుమారు 2 డిగ్రీల మేరే. చెయ్యి చాపి బొటనవేలు చూడండి, దాని వెడల్పు అంత. మిగతా చూపంతా కాపలా కాయడానికి. కదలిక ఎక్కడుందో పసిగట్టి "అటు చూడు" అని చెప్పడం దాని పని. ఆ కాపలా చోట మీరు మారే అంకె పెట్టారు. అంటే అడుగడుక్కీ కాపలావాడి భుజం తట్టి పిలుస్తున్నట్టే. బండి వచ్చినప్పుడు కూడా వాడు మీ అంకెనే చూస్తుంటాడు.

బెజవాడ_బండి గారూ, మీ మాటలో నిజం ఉంది, కానీ ఒక తేడా గమనించండి. ఫోన్ చూసేవాడికి తాను రోడ్డు చూడట్లేదని తెలుసు. మధ్యమధ్యలో తల ఎత్తుతాడు. అద్దంలోంచి చూసేవాడు రోడ్డు చూస్తూనే ఉన్నానని నమ్ముతాడు. ఇక తల ఎత్తేది ఎప్పుడు?

బెజవాడ_బండి · విజయవాడ

ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయానండీ. ఒప్పుకుంటున్నాను.

సిమ్యులేటర్ · బెంగళూరు

మాది కాకినాడ. రిటైరయ్యేదాకా ఫ్లైట్ సిమ్యులేటర్ల మీద, అంటే నేల మీదే విమానం నడిపినట్టుండే యంత్రాల మీద పనిచేశాను. ఇప్పుడు మీరు పడుతున్న కష్టం విమానాలవాళ్ళు ఎప్పుడో పడ్డారు.

పైలట్ ముందు గాజు పలక మీద వేగం, ఎత్తు చూపించే హెడ్ అప్ డిస్‌ప్లే ఉంటుంది. కిందికి చూసే పని తప్పుతుంది కాబట్టి బయట ఉన్నది బాగా కనిపిస్తుందని అందరూ అనుకున్నారు. 1980 ప్రాంతంలో నాసావాళ్ళు సిమ్యులేటర్‌లో పరీక్షించారు. దిగబోయే రన్‌వే మీదికి ఇంకో విమానాన్ని తెచ్చి పెట్టారు. గాజులోంచి రన్‌వే వైపే చూస్తూ కూడా కొందరు పైలట్లు దాన్ని గమనించకుండా దిగిపోయారు. వాళ్ళు కొత్తవాళ్ళు కాదు, ఎయిర్‌లైన్ విమానాలు నడిపే అనుభవజ్ఞులు.

ఆ తర్వాత ఏం చేశారన్నదే మీకు పనికొచ్చేది. అంకెలు గాజు మీద తేలుతూ ఉంటే మనసు గాజు దగ్గరే ఆగిపోతుంది. అదే గీతని రన్‌వే అంచుకి అతికినట్టు, తల తిప్పినా రన్‌వేతోపాటే ఉండేలా గీస్తే, గీత చూసినవాడు రన్‌వే కూడా చూస్తాడు. మీ బాణం తలతోపాటు తిరుగుతోందా, రోడ్డు మీద అతుక్కుని ఉందా? తలతో తిరిగేదైతే ముందు అది మార్చండి.

రెండోది, అనవసరమైనవి ఒక్క మీటతో తీసేసే ఏర్పాటు. దిగే సమయంలో తెర మీద సగానికి సగం గుర్తులు తీసేయొచ్చు. పని ఎంత ప్రమాదకరమైతే తెర అంత ఖాళీగా ఉండాలి. ఫోన్ యాప్‌లు చేసేవాళ్ళ ఆలోచన సాధారణంగా దీనికి తిరగబడి ఉంటుంది. జాగ్రత్త అవసరమైన చోటే ఇంకో హెచ్చరిక, ఇంకో రంగు కలుపుతారు.

దారిచూపు · హైదరాబాద్

సార్, మా బాణం తలతోనే తిరుగుతుంది. రోడ్డుకి అతికించాలంటే కళ్ళద్దాలు తమ స్థానాన్ని, దిక్కుని కచ్చితంగా పట్టుకోవాలి. ఎత్తైన బిల్డింగుల మధ్య జీపీఎస్ మీటర్ల లెక్కన పక్కకి జరుగుతుంటుంది. బాణం పక్కింటి గోడలోకి చూపిస్తే అదింకో గందరగోళం. పైగా డిస్‌ప్లే చిన్నది, 20 డిగ్రీలే. తల కాస్త తిప్పితే రోడ్డు మీద అతికించిన బాణం చూపులోంచి జారిపోతుంది.

మా టీమ్‌లో ఒకరి ఆలోచన: కెమెరాతో బండ్లని గుర్తించి, దగ్గరికొస్తే అద్దం అంచున ఎర్రగా మెరిపిద్దామని. ఏమంటారు?

గోదాం · నెదర్లాండ్స్

దారిచూపు తమ్ముడూ, ఎర్ర మెరుపు సంగతి అటుంచి, ముందు మా గోదాంలో సంగతి విను.

నెదర్లాండ్స్‌లోనే బెర్గెన్ ఆప్ జూమ్ ఊరి గోదాంలో సరుకు రవాణా కంపెనీ డీహెచ్ఎల్ వాళ్ళు 2015లో ఇలాంటి కళ్ళద్దాలు పరీక్షించి, సరుకు ఏరే పని 25 శాతం చురుగ్గా సాగిందని ప్రకటించారు. ఆ తర్వాత చాలాచోట్ల వచ్చాయి. నేను పనిచేసే చోటు వేరే, పేరు వద్దు. మాకూ తెచ్చారు. ఏ వరస, ఏ అర, ఎన్ని డబ్బాలు, అంతా కుడి కంటికి పైన చిన్న తెరలో.

మొదటి నెలలో మాతో పనిచేసే పోలాండ్ కుర్రాడు తర్వాతి అర నంబరు చదువుకుంటూ పసుపు గీత దాటి ఫోర్క్‌లిఫ్ట్ (బరువులెత్తే బండి) దారిలోకి వెళ్ళిపోయాడు. డ్రైవర్ బ్రేకు కొట్టాడు, పైనున్న ప్యాలెట్, అంటే డబ్బాలు పేర్చిన చెక్క పలక, జారి నేల మీద పడింది. ఆ డబ్బాల నిండా గాజు సీసాలు. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మా ఫోర్క్‌లిఫ్టులకి ముందు నేల మీద నీలం లైటు పడుతుంది, బండి కన్నా కొన్ని మీటర్లు ముందే కనబడుతుంది. ఆ లైటు వాడి బూట్ల మీద పడినా వాడికి తెలియలేదు.

అప్పట్నుంచి మా దగ్గర పద్ధతి మారింది. నడుస్తున్నంతసేపూ తెర ఖాళీ. అర దగ్గరికొచ్చి ఆగి, బార్‌కోడ్ స్కాన్ చేస్తేనే వెలుగుతుంది. తీసుకోవాల్సినవి చూపించి, తర్వాత ఎక్కడికెళ్ళాలో కూడా అప్పుడే చెప్పేస్తుంది. అది గుర్తుపెట్టుకుని నడవాలి. మొదట్లో అందరం విసుక్కున్నాం, పని నెమ్మదిస్తుందని. వారం తిరక్కుండానే అలవాటైంది. ఒక్క మలుపు గుర్తుపెట్టుకోవడం ఎవరికైనా కష్టమా? నీ యాప్‌లో కూడా ఆగినప్పుడే బాణం చూపించు. నడక మొదలుపెట్టగానే తీసెయ్.

డెలివరీ_అన్న · వరంగల్

నేను ఫుడ్ డెలివరీ చేస్త. నా మాట గూడ వినుండ్రి.

బండి మీద మమ్మల్ని కాపాడేది సగం చెవులే. వెనకనుంచి లారీ హారన్ కొడితే అద్దంల చూడకముందే పక్కకు జరుగుతం. ఈ కళ్ళద్దాలల్ల పక్కనే స్పీకర్ ఉంటది కదా, అది చెవుల "ఎడమకు తిరుగు" అని చెప్పేటప్పుడు హారన్ వినబడకపోతే ఎట్ల? ఇప్పుడు బ్యాటరీ స్కూటర్లు, బ్యాటరీ ఆటోలు వచ్చినయి, చప్పుడే ఉండదు. కన్నూ చెవీ రెండూ ఈ అద్దాలకే ఇచ్చేస్తే రోడ్డుకు ఏం మిగిలింది?

ఇంకోటి. మాలాంటోళ్ళం బండి నడుపుకుంట పెట్టుకుంటే పోలీసులు పడ్తరా?

వకీలు · కర్నూలు

డెలివరీ అన్నా, మంచి ప్రశ్న. మోటారు వాహనాల చట్టానికి 2019లో తెచ్చిన సవరణ ప్రకారం బండి నడుపుతూ చేతిలో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరం వాడటం సెక్షన్ 184 కింద ప్రమాదకర డ్రైవింగే. మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. కళ్ళద్దాలు చేతిలో పట్టుకునేవి కావు, ఆ మాట దగ్గర వాదనకి చోటుంది. కానీ అదే సెక్షన్‌లో, ప్రజలకి ప్రమాదం కలిగేలా నడపడం అన్నది ఎలాగూ ఉంది. యాక్సిడెంట్ అయితే కళ్ళద్దాలున్నాయని సాక్ష్యం రావడం నీకు మంచిది కాదు.

అమెరికాలో శాన్ డియాగోలో 2013లో గూగుల్ గ్లాస్ అనే ఇలాంటి కళ్ళద్దాలు పెట్టుకుని కారు నడిపిన ఒకావిడకి చలానా రాశారు. 2014 జనవరిలో కోర్టు కొట్టేసింది. ఎందుకంటే, ఆ సమయంలో పరికరం ఆన్‌లో ఉందని రుజువు కాలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. అది వెలుగుతోందో లేదో బయటివాడికి తెలియదు.

నా సలహా అడిగితే, చట్టం సంగతి అటుంచి, బండి ఎక్కితే తీసి జేబులో పెట్టుకో అన్నా. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు ధ్యాస తప్పితే బండి 22 మీటర్లు పోతుంది.

సిలికాన్_సీతమ్మ · కాలిఫోర్నియా

ఒక చిన్న మాట కలుపుతాను. ఇక్కడ 2024 ఫిబ్రవరిలో కళ్ళు మొత్తం కప్పేలా తలకి పెట్టుకునే యాపిల్ విజన్ ప్రో వచ్చిన వారంలోనే కారు నడుపుతూ పెట్టుకున్నవాళ్ళ వీడియోలు తిరిగాయి. రవాణా మంత్రి స్వయంగా, మనిషి ధ్యాస ఎప్పుడూ డ్రైవింగ్ మీదే ఉండాలని గుర్తుచేయాల్సి వచ్చింది. అది అద్దం కూడా కాదు, కెమెరా తీసింది లోపల తెర మీద చూపిస్తుంది. కరెంటు ఆగితే మొత్తం చీకటి. దారిచూపు గారు చేస్తున్న గాజు రకం దానికన్నా వెయ్యి రెట్లు మేలు.

అయితే అందులో ఒక మంచి ఆలోచన ఉంది. మీరు ఏదో సినిమాలో మునిగి ఉన్నా, మనిషి దగ్గరికొస్తే ఆ మనిషి బొమ్మలోంచి పైకి తేలి కనిపిస్తారు. అక్కడ కొత్తగా గంట మోగదు, మీరు చూస్తున్నదే పలచబడి పక్కకి జరుగుతుంది.

కంటిచూపు · గుంటూరు

సీతమ్మ గారు చెప్పింది నాకు బాగా నచ్చింది. దానికి తోడు ఎండ సంగతి కూడా చెప్పాలి. ఈ గాజుల్లో వెలుగు కలపగలరు గానీ నలుపు చూపించలేరు. వెనక ఉన్నదానిమీద కాంతి పడుతుంది, అంతే. మన ఎండలో అక్షరం కనబడాలంటే కాంతి పెంచాలి, లేదా ఎండకి నల్లబడే అద్దం వాడాలి. ఎండలోంచి అండర్‌పాస్‌లోకి దిగారనుకోండి, నల్లబడిన అద్దం తేటపడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో లోపల లైటు లేని సైకిలువాడు రావచ్చు. మా దగ్గరికొచ్చే పెద్దవయసువాళ్ళకి మామూలుగానే చీకటికి కళ్ళు అలవాటు పడటం ఆలస్యం. యాప్ వాడే అమ్మకి ఎన్నేళ్ళో అది కూడా చూసుకోండి.

పున్నమి · సికింద్రాబాద్

ఈ చర్చంతా చదివించుకుని విన్నాను. నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా. పదహారేళ్ళ వయసు నుంచి పక్కచూపు తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంచెమే మిగిలింది. తెల్ల కర్రతో నడుస్తాను. మీ అందరికీ కళ్ళద్దాలు పెట్టుకుంటే కాసేపు వచ్చే ఇబ్బంది నాకు ఇరవై నాలుగ్గంటలూ ఉంది కాబట్టి నాలుగు మాటలు.

అందరూ ఎదురుగా వచ్చే బండి గురించే మాట్లాడారు. నన్ను ఎక్కువసార్లు పడేసింది బండి కాదు, నేల. ఫుట్‌పాత్ మీద లేచిన బండరాయి, మూత లేని మ్యాన్‌హోల్, వైరు, పడుకున్న కుక్క. చూపున్నవాళ్ళు ఇవన్నీ తెలియకుండానే కింది చూపుతో పట్టుకుని తప్పుకుంటారు. అందుకే దయచేసి అద్దంలో కింది సగం ఎప్పుడూ ముట్టుకోకండి. మీకు బాణం పెట్టడానికి ఖాళీ జాగాలా కనిపించేది అసలు ఖాళీ కాదు. అక్కడ మీ కాళ్ళున్నాయి.

ఎర్ర మెరుపు గురించి. నేను అడ్డంకులు చెప్పే పరికరం ఒకటి ఏడు నెలలు వాడాను. ఏది దగ్గరికొచ్చినా చేతికి వణుకు వచ్చేది. ఇంట్లో బాగానే ఉంది. జనరల్ బజార్‌లోకి వెళ్తే ఆగకుండా వణికింది. మన బజారులో ఎప్పుడూ ఏదో ఒకటి దగ్గరికొస్తూనే ఉంటుంది కదా. నాన్నా పులి కథ అయిపోయింది. మూడో వారానికల్లా ఆ వణుకుని నా చెయ్యి పట్టించుకోవడం మానేసింది. ఒకరోజు నిజంగా బైకు వచ్చింది, ఎప్పటిలాగే వణికింది, నేను నడుస్తూనే ఉన్నాను. మోచెయ్యి విరిగింది.

కర్ర అలా చేయదు. కర్ర తానేమీ చెప్పదు, నేలనే నా చేతికి తెస్తుంది. మీ అద్దం కూడా రోడ్డుని మీ దగ్గరికి తేవాలి. రోడ్డు గురించి వేరే కబురు చెప్పే పని పెట్టకండి.

సిమ్యులేటర్ · బెంగళూరు

పున్నమి గారికి చేతులెత్తి నమస్కారం. ముప్పై ఏళ్ళు మేం పాఠంగా చెప్పిన సంగతికి మీరు చెప్పిన కర్ర పోలిక మాకు ఒక్కనాడూ తట్టలేదు.

బెజవాడ_బండి · విజయవాడ

వేగం బట్టి ఆపే పద్ధతి కూడా ఉంది కదా? 2016లో పోకేమాన్ గో వచ్చినప్పుడు, జనం ఆ ఆటలో పడి రోడ్ల మీదికి వెళ్తున్నారని, వేగంగా కదులుతుంటే "నేను ప్రయాణికుణ్ణి" అని నొక్కాలని పెట్టారు. అయితే అందరూ నొక్కేశారు, అది వేరే సంగతి. కళ్ళద్దాల్లో అడగకుండానే ఆపేయాలి. బైకు వేగం దాటితే తెర ఆరిపోవాలి, మళ్ళీ ఆన్ చేసే మీట ఉండకూడదు.

దారిచూపు · హైదరాబాద్

రెండు వారాలు మాట్లాడకుండా ఉన్నందుకు క్షమించండి. పని చేస్తున్నాం.

ఎర్ర మెరుపు తీసేశాం. మొదలే పెట్టలేదు అనాలి. పున్నమి గారి పోస్టు టీమ్‌లో అందరికీ చదివి వినిపించాను. ఆ ఆలోచన చెప్పినవాడే ముందు వద్దన్నాడు.

ఇప్పుడు నిలబడి ఉన్నప్పుడే బాణం వస్తుంది, తర్వాతి మలుపు వరకే చెబుతుంది. రెండు అడుగులు వేయగానే పలచబడి పోతుంది. మీటర్ల అంకె పూర్తిగా పోయింది. మలుపు దగ్గరపడితే ఆ వైపు చెవిలో ఒక్కసారి చిన్న చప్పుడు, మాట కాదు. డెలివరీ అన్న అడిగింది గుర్తుపెట్టుకుని, బయట రొద ఎక్కువుంటే చప్పుడు పెంచకుండా అసలు మానేసేలా పెట్టాం. అప్పుడు మనిషి ఆగి చూసుకుంటాడు. కింది సగంలో ఏదీ గీయకూడదని కోడ్‌లోనే గట్టిగా కట్టేశాం, రేపు ఇంకెవరైనా వచ్చి మార్చాలన్నా కారణం రాయాలి. మ్యాప్‌లో కూడలి ఉందని తెలిసిన చోట దానికి ముందే అంతా ఆరిపోతుంది. మ్యాప్‌లో లేని చోట రోడ్డు దాటేవాళ్ళ సంగతి ఇంకా తేలలేదు. మన దగ్గర అదే ఎక్కువ.

పరీక్షించే పద్ధతి మాత్రం మేమే కనిపెట్టుకున్నాం. ఒకరు ముందుగా వెళ్ళి దారి పొడవునా మూడు పసుపు అట్టముక్కలు పట్టుకున్న స్నేహితుల్ని నిలబెడతారు, ఒక్కొక్కదాని మీద ఒక్కో బొమ్మ. నడిచేవాడికి చెప్పరు. చివర్లో "దారిలో ఏం చూశావు?" అని అడుగుతారు. పాత యాప్‌తో నేను నడిచినప్పుడు నాకు ఒక్కటీ గుర్తులేదు. ఒకామె అయితే అట్ట నా మొహం ముందే పట్టుకుందట. కొత్తదానితో మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన అబ్బాయి నడిచాడు, రెండు చెప్పాడు. మూడోది అతని ఎడమ పక్కన ఉంది. ఎడమవైపు ఎందుకు తప్పిందో ఇంకా ఆలోచిస్తున్నాం. తెర కుడి కంటికే ఉండటం వల్లనా, లేక అటు దుకాణాలు ఎక్కువుండటం వల్లనా అని.

గోదాం · నెదర్లాండ్స్

తమ్ముడూ, అదే మనిషిని అదే దారిలో వెనక్కి నడిపించు. అప్పుడు దుకాణాలు కుడికొస్తాయి. అయినా ఎడమదే తప్పితే తప్పు తెరది.

పున్నమి · సికింద్రాబాద్

తర్వాతిసారి నన్ను పిలవండి. కర్రతోనే వస్తాను. ఒక అట్టముక్క నేల మీద పెట్టండి, ఇప్పటిదాకా అన్నీ మనిషి చేతి ఎత్తులోనే పెట్టారు.

దారిచూపు · హైదరాబాద్

తప్పకుండా రండి అక్కా. ఆదివారం పొద్దున ఏడింటికి, మియాపూర్ మెట్రో మెట్ల కింద, మక్క కంకుల పెద్దమ్మ బండి దగ్గర. ఆ పూట పెద్దమ్మ ఉండదు, సాయంత్రమే వస్తుంది. అట్టలు నేను తెస్తాను, ఒకటి నేల మీదికి.